చెయ్యి వదులుగా పెట్టమ్మా

గాజులు తొడిగేవాళ్ళు దినానికి వంద తూర్లు అనే మాట ఒకటుండాది. "చెయ్యి వదులుగా పెట్టమ్మా." బిగబట్టిన చేతికి గాజు ఎక్కదు. కణుపుల దగ్గర నిలిచిపోతాది, ఇంకొంచెం తోస్తే పగిలి చర్మంలోకి దిగతాది. మా నాయన ఆ మాట ఎంత నిదానంగా అనేవాడంటే, ఆడోళ్ళు మాట్లాడతా మాట్లాడతానే చెయ్యి ఆయనకి వదిలేసి ఇంటి సంగతులు చెప్పుకునేవాళ్ళు. నాకు ఆ నిదానం రాలేదు. నాది మొదట్నుంచీ దురుసు నోరు.

ఇది నేనే రాస్తా ఉండాను. పుదుచ్చేరికి మావాళ్ళు ఎన్ని తరాల కింద వచ్చినారో మాకే తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాయనకి తెలుగు అక్షరం రాదు, వాళ్ళ నాయనకీ రాదు. నేను నలబై దాటినాక, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా భార్య పక్కింట్లో దిగి, నాకు పలక పట్టించింది. "యాడ కాదు పిన్నిగారూ, ఎక్కడ అని రాయాలండీ" అంటాది. నేను యాడ అంటాను, యాడ అనే రాస్తాను. ఇష్టముంటే చదవండి.

మా వీధి పెద్ద కాలవకి పడమర. తూర్పున తెల్లోళ్ళ ఇండ్లు. సముద్రం గాలి వాళ్ళకి, కాలవ కంపు మాకు. మిల్లు కూత కూయంగానే వీధి లేచేది. ప్రతి ఇంటి ముందరా తిన్నె, దానిమీద కొయ్య స్తంభాలు, పైన పెంకులు. తిన్నె పేరుకి ఇంటివాళ్ళది, వాడుకకి దారిన పోయేవాళ్ళది. ఎవరైనా కూర్చోవచ్చు, లెమ్మనకూడదు. రొట్టెలాయన సైకిల్ మీద పొడుగు రొట్టెలు తెచ్చేవాడు. సైగాను దాకా పోయొచ్చిన పింఛను సిపాయి ఒకాయన ఎదురు తిన్నె మీద కూర్చొని ఫ్రెంచి పేపరు చదివేవాడు, చదివినదాన్ని అరవంలో తిట్టేవాడు. మా తిన్నె మీద మా నాయన మలారం విప్పేవాడు. మలారమంటే గాజుల సరాల మూట, భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగేది.

గాజులోళ్ళు వీధులు పంచుకొని ఉంటారు. మా తాతకి పడిన నాలుగు వీధుల్లోకి ఇంకో గాజులాయన కాలు పెట్టడు. ఆ నాలుగు వీధుల ఆడబిడ్డలకి మేము పుట్టింటోళ్ళ కింద లెక్క. కడుపుతో ఉన్నదానికి ఏడో నెలలో అరవోళ్ళు వళైకాప్పు చేస్తారు, మన సీమంతం మాదిరి. రెండు చేతులకీ నిండుగా గాజులు తొడగాల. మొదలుపెట్టిన గాజులోళ్ళు చివరి గాజు దాకా లేవకూడదు. నడిమిలో లేస్తే కడుపు నిలవదంటారు. లేచినాక బియ్యం, తాంబూలం, కోక ఇచ్చి ముఖం చిన్నబోకుండా పంపించాల. ఇది ఎంత గట్టి నమ్మకమంటే, ఎంతటి మొనగాడైనా వాళ్ళ ఇంట్లో గాజులు తొడిగే రోజు నోరు మూసుకొని బయట కూర్చునేవాడు.

అది తెల్లోళ్ళు మూటా ముల్లె సర్దుకునే కాలం. ఇండియాలో కలవాల అనేవాళ్ళు కొందరు, ఫ్రాన్సు నీడే చాలు అనేవాళ్ళు కొందరు. వినేదానికి రెండు మాటలు, వీధిలో మాత్రం ఒకటే, కర్ర. ఊరి చుట్టూ ఇండియా వాళ్ళు తనిఖీ చెక్కీలు పెట్టి సరుకు ఆపేసినారు. బాహూరు దాకా పోవాలంటే ఆ కొంచెం దూరంలోనే దేశం మారేది, మళ్ళీ మారేది. మా గాజులు బాహూరు పక్క కిరుమాంబాక్కం నుంచి వరిగడ్డి బండ్లల్లో దాక్కొని వచ్చేవి. కొట్టుకొని చచ్చే రోజుల్లో కూడా ఆడోళ్ళు గాజులు మానలేదు.

మా అన్న ఇండియా వైపు. ఇరవై రెండేండ్లు, మిల్లులో పని, గొంతు పెద్దది, బుద్ధి చిన్నది. ఊరేగింపులో ముందర నడిచేవాడు. అమ్మ మేము చిన్నప్పుడే పోయింది, వాణ్ణి ఆపేవాళ్ళు లేరు. నాయన చెప్తే వినడు, నేను తిడితే నవ్వుతాడు.

మా వీధి కడాన కట్టెల అడితి ఒకటుండేది. అడితి ఆయన ఫ్రాన్సు వైపు పెద్దమనిషికి కుడిచెయ్యి. ఊరంతా ఆయన్ని కర్రాయన అనేది. రాత్రి యాడ ఇల్లు కాలినా, పొద్దున యాడ తల పగిలినా ఆయన మనుషులే. ఆయన తల్లిని చూస్తే మాత్రం పిల్లి మాదిరి ఒదిగిపోయేవాడు. పెండ్లాం బాహూరు రైతుల పిల్ల, మనోళ్ళే, తెలుగు మాట్లాడతాది. ఆ ఇంట్లో ఆమె తెలుగు ఎవరికీ అర్థం కాదు, గాజులు తొడిగే పొద్దు మాతోనే రెండు మాటలు. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేదాన్ని. రెండు కాన్పులు కడుపులోనే పోయినాయి. ఇది మూడోది.

ఒక మధ్యాన్నం కర్రాయన ఎనిమిది మందితో మా ఇంటిమీదికి వచ్చినాడు. అన్న పెరటి గోడ దూకి ముందరి దినమే పోయినాడు, యాడికి పోయినాడో మాకూ తెలీదు. "యాడ నీ కొడుకు" అన్నాడు. నాయన తెలీదన్నాడు. సరాలు సరాలుగా గాజులు తీసి వీధిలోకి విసిరి, చెప్పుకాళ్ళతో తొక్కినారు. నాయన అడ్డం పోలేదు, కొయ్యమాదిరి నిలబడినాడు. మళ్ళీ అడిగినారు, మళ్ళీ తెలీదన్నాడు. అప్పుడు ఇద్దరు పట్టుకొని ఆయన కుడిచెయ్యి గడపమీద పరిచినారు. కర్రాయన రెండు దెబ్బలు వేసినాడు. వేళ్ళు విరిగిన చప్పుడు గాజులు విరిగిన చప్పుడు మాదిరే ఉండింది.

నేను కర్రాయన చెయ్యి కొరికినాను. తల గోడకేసి కొట్టినారు. లేచి చూస్తే వీధిలో ఒక్క తలుపు తెరిచిలేదు. మా గాజులు తొడుక్కున్న చేతులే ఆ తలుపులు మూసినాయి. నాకు ఆ పొద్దు కర్రాయన మీద కంటే ఆ తలుపుల మీద మండింది. మూడు దినాలు గాజు పెంకులు ఊడ్చినా. ఊడ్చే కొద్దీ దుమ్ములోంచి వస్తానే ఉండినాయి. కట్టు కట్టే ఆయన చూసి, ఎముక అతుక్కుంటాది గానీ వేళ్ళు వంగవు అన్నాడు. వేళ్ళు వంగని గాజులాయన ఏం చేస్తాడు? అప్పట్నుంచి మలారం నా భుజానికి వచ్చింది. పెండ్లి కాని పిల్ల వీధులు తిరగడమేంది అని గొణిగినోళ్ళు కూడా చెయ్యి చాపినారు.

నెల తిరగలేదు, అన్న దొరికిపోయినాడు. నాయన చెయ్యి చూసిపోదామని వస్తా ఉంటే కాలవ వంతెన దగ్గర పట్టుకున్నారు. ఇంకా పొద్దు గుంకలేదు. కాళ్ళు పట్టుకొని వీధి పొడుగునా ఈడ్చుకొచ్చినారు. తల ప్రతి రాయికీ తగలతా ఉండింది. మా ఇంటి ముందర నిలబెట్టి, నిలబడలేక కూలబడితే కడుపులో తన్ని, మళ్ళీ నిలబెట్టినారు. కర్రాయన వీధికంతా వినబడేట్టు చెప్పినాడు. "రేపు దీపాలు పెట్టే వేళకి వీడికి సముద్రం చూపిస్తాం." ముందటి నెల ఒక మిల్లు కూలీకి అట్లనే సముద్రం చూపించినారు. రెండు దినాలకి ఒడ్డుకొచ్చినాడు, ముఖం చేపలు తినేసినాయి. అన్నని అడితి వెనక కట్టెల కొట్టంలో వేసి తాళం పెట్టినారు. దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలుసు. నాయన కట్టు కట్టిన చెయ్యి ముందుకు పెట్టి, మలుపులో ఉండే పోలీసాయన్ని బతిమలాడినాడు. "నేనేం చూడలేదు, నువ్వూ ఏం చూడలేదు, ఇంటికి పో" అన్నాడంట ఆయన.

రాత్రంతా నాయన స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. తెల్లవారినాక మా గడప ముందర ఒక ముసలామె వచ్చి నిలబడింది. ఎవరో కాదు, కర్రాయన తల్లి. చేతిలో పసుపు కుంకుమ తట్ట.

"ఈ పొద్దు కోడలికి వళైకాప్పు. పదింటికి ముహూర్తం" అనింది, నేల చూస్తా.

గాజులాయన చెయ్యి విరగ్గొట్టినోడికి, వాడి పెండ్లానికి ఏడో నెల వస్తా ఉందని గుర్తు లేకపోయింది. ఇంకో వీధి గాజులాయన రాడు. గాజులు లేకుండా ఏడో నెల దాటించేదానికి ఆ ముసలామెకి గుండె చాలదు. ఇల్లు కాలి ఒకడేడస్తా ఉంటే చుట్టకి నిప్పడిగినాడంట ఇంకొకడు, నాకు అట్లనే అనిపించింది. 

"నీ కొడుకునే తొడగమను అవ్వా. వాడి చేతులు బాగానే ఉండాయి కదా" అన్నాను.

నాయన తల ఎత్తినాడు. "మలారం తీసుకొని పో."

"అన్న వాళ్ళ కొట్టంలో ఉండాడు నాయనా."

"కొట్టినోడు వాడు, ఆ పిల్ల కాదు. గాజులు అడిగితే లేదనకూడదు. పో."

పోయినా. వరిగడ్డి బండిలో వచ్చిన సరాలు మూడు మిగిలుంటే అవే వేసుకొని పోయినా. దోవంతా ఒకటే ఆలోచన, దీపాలు పెట్టే వేళకి ఇంకా ఎన్ని గంటలుంది అని.

నడిమింట్లో పీట వేసి ఆమెను కూర్చోబెట్టినారు. ఆకుపచ్చ కోక, మెడ నిండా పూలు, చెంపలకి పసుపు. చుట్టూ ఇరవై మంది ఆడోళ్ళు, ముందటి మాపటేల మళ్ళీ తలుపులు మూసుకున్నోళ్ళే. నా ముఖంలోకి ఒక్కతీ చూడలేదు. నేను కింద కూర్చొని మలారం విప్పినా. పెరటి వాకిలి తెరిచే ఉంది, దాని అవతలే అడితి కొట్టం. ఆడోళ్ళు పాట ఎత్తుకున్నారు. పాట ఆగినప్పుడు కట్టెల కొట్టంలోంచి మూలుగు వినబడింది. వాళ్ళల్లో ఒకామె గబుక్కున ఇంకో పాట ఎత్తుకునింది, ఈ తూరి ఇంకా గట్టిగా. థూ, వాళ్ళ బతుకులు.

ఎడమచేతికి పూర్తి చేసినా. కుడిచేతికి ఆరు తొడిగినా. ఏడోది కణుపుల దగ్గరికి వచ్చింది. పాట ఆగింది, మూలుగు వినబడింది, నా చెయ్యి నిలిచిపోయింది. ముందే అనుకొని చేసింది కాదు. గాజు కణుపుల మీద అట్లనే పట్టుకొని ముసలామెతో చెప్పినా.

"అవ్వా, మా అన్నని బయటికి తెప్పించు. అప్పుడే మిగిలినవి తొడుగుతా. లేదంటే ఇట్లనే లేచి పోతా."

ఎవరో "అయ్యో పాపం చేస్తా ఉండావే" అన్నారు. నా మాట బయటికి పాకినట్టుంది, కర్రాయన కర్రతో సహా లోపలికొచ్చినాడు. వచ్చీరాంగానే నా జుట్టు పట్టి వెనక్కి లాగినాడు. నేను ఆమె చెయ్యి విడవలేదు. "తొడుగుతావా, నిన్ను కూడా వాడి పక్కన కట్టెయ్యాల్నా" అన్నాడు. భుజమ్మీద దెబ్బ పడింది. ఆ దెబ్బ ఇప్పటికీ వానాకాలంలో పలకరిస్తాది. మళ్ళీ కర్ర ఎత్తినాడు.

అప్పుడు నా బొటనవేలి కింద ఏదో రాయి మాదిరి గట్టిగా తగిలింది, గాజు పగిలింది. పగిలిన ముక్క ఆమె చేతిలోకి దిగింది. రక్తం మణికట్టు మీదుగా కొత్త కోక మీదికి, పసుపు తట్టలోకి కారింది. ఆమె కెవ్వుమనింది.

ముసలామె ఆ రక్తం చూసింది. లేచి కొడుకు చెంపమీద ఒకటి, రెండో చెంపమీద ఒకటి వేసింది. "రెండిటిని మింగినావు. వీధిలో వాళ్ళ ఉసురు పోసుకొని నా మనవల్ని మింగినావు. మూడోది కూడా కావాల్నా నీకు? విడిచిపెట్టు వాణ్ణి" అనింది. అరవలేదు, వణకతా చెప్పింది. కర్రాయన పెండ్లాం చెయ్యి చూసినాడు, తల్లిని చూసినాడు. పెరటి వైపు తిరిగి "విప్పండి వాణ్ణి" అన్నాడు.

అన్నని ఇద్దరు మోసుకొచ్చి వీధి తిన్నె మీద పడేసినారు. పడినాక ఊపిరి తీసుకున్నాడు, అది నేను తల తిప్పి చూసుకున్నా. ఆమె చేతికి పసుపు గుడ్డ చుట్టి, మిగిలిన గాజులు తొడిగినా. కర్రాయన నా తలమీద నిలబడే ఉన్నాడు. ఆమె చెయ్యి ఎంత వదులుగా పెట్టిందంటే, నెత్తుట్లో తడిసిన చేతికి గాజులు వాటంతట అవే జారినాయి. బియ్యం, కోక నేను తీసుకోలేదు. కట్టెల తోపుడు బండిమీద అన్నని వేసుకొని ఇంటికి తోసుకొచ్చినా.

అన్న బతికినాడు. ఎడమ కన్ను పోయింది, కుడికాలు ఈడుస్తాడు. బతికినాడు, అంతే చాలు నాకు. మూసుకున్న తలుపులన్నీ ఒక్కొక్కటి తెరుచుకున్నాయి. గాజులమ్మి కర్రాయన పెండ్లాన్నే గుచ్చి అన్నని విడిపించిందంట, ఆడదంటే అది అన్నారు. నేను గుచ్చలేదు, దెబ్బకి చెయ్యి అదిరి తోసుంటాదేమో అనుకున్నా. అయినా వాళ్ళు పొగడతా ఉంటే నోరు మూసుకొని విన్నాను. బాగానే ఉండింది వినేదానికి.

నాయన ఆ పొద్దు నా చేతులకంటిన రక్తం చూసినాడు.

"ఎవరిది?"

"ఆమెది."

"ఆ చెయ్యి నిన్ను ఏం చేసిందే?"

కొడుకు దక్కినందుకు ఆయన ఏడ్చినాడు, అన్న తల ఒళ్ళో పెట్టుకొని ఎక్కెక్కి ఏడ్చినాడు. నా భుజం మీది మలారం మాత్రం తీసి గోడకి తగిలించినాడు, మళ్ళీ ముట్టనియ్యలేదు. ఎడమచేత్తో తానే తొడగబోయేవాడు. తొడిగినవాటికంటే పగిలినవి ఎక్కువ. అన్నం పెట్టు, నీళ్ళు తే, అంతే నాతో మాట. అన్న కన్ను పోయినందుకు కూడా నాకు అంత నొప్పి లేదు.

ఆ ఏడే ఫ్రెంచి జెండా దిగింది. వీధి వీధంతా సముద్రం వైపు పరిగెత్తింది. ఎదురింటి పింఛను సిపాయి తలుపేసుకున్నాడు. మా తిన్నె ముందరగా ఊరేగింపు పోయింది. ముందర ఎవరనుకున్నారు, కర్రాయన. కర్ర పట్టిన ఆ చేతిలోనే ఇండియా మూడు రంగుల జెండా. ఏ ఎండకి ఆ గొడుగు. అన్న ఒంటికన్నుతో చూసినాడు. "నేను అరిచిన మాటే అరస్తా ఉండాడే వాడు" అని నవ్వినాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి ఉమ్మినాడు. మా అన్నని రమ్మని ఎవరూ పిలవలేదు.

ఇంకో రెండు నెలలకి ఒక మధ్యాన్నం కర్రాయన పెండ్లాం ఒక్కతే మా తిన్నె ఎక్కింది. చంకలో ఆడబిడ్డ, గుండ్రంగా ఉంది. బిడ్డకి దిష్టి తగలకుండా నల్లగాజులు వెయ్యాల. నాయన ఎడమచేత్తో బిడ్డ పిడికిలి పట్టుకున్నాడు. పట్టు చిక్కలేదు, గాజు జారి కింద పడింది. ఇంకోటి తీసినాడు, అదీ కుదరలేదు. ఆయన నా వైపు చూడకుండా కొంచెం పక్కకి జరిగినాడు. నేను పోయి కూర్చున్నా.

పసిబిడ్డ చెయ్యి వెన్నముద్ద. రెండు చేతులకీ తొడిగినా, ఒక్కటీ పగల్లేదు. అప్పుడు ఆమె తన కుడిచెయ్యి నా ముందర పెట్టింది. కణుపు పక్కన తెల్లటి మచ్చ, వేలెడు పొడుగుంది. "నాకూ ఒక జత వెయ్యక్కా" అనింది తెలుగులో. అలవాటు కొద్దీ నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

"చెయ్యి వదులుగా పెట్టమ్మా."

"ఆ పొద్దు నేనే బిగబట్టినా అక్కా" అనింది, బిడ్డని ఊపతా, వీధి వైపు చూస్తా. "మా ఆయన మళ్ళీ కర్ర ఎత్తినాడు. రక్తం చూస్తే గానీ మా అత్త కదలదు. చెయ్యి బిగబట్టి నీ వేలి మీదికి తోసినా. ఎవరికీ చెప్పొద్దు, తెలిస్తే నన్ను బతకనీడు."

బొటనవేలి కింద రాయి మాదిరి తగిలింది ఏందో అప్పుడు తెలిసింది నాకు. గాజులోళ్ళ బిడ్డని, వేలితోనే తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు, పొగడ్తలు వింటా కూర్చున్నా. నాకు సిగ్గేసింది. నేను నోరు లేనిదనుకున్న మనిషి, కడుపులో బిడ్డని పెట్టుకొని, ఆ ఇంట్లో, ఆ మనిషి ముందర, తన చెయ్యి తానే కోసుకునింది.

నాయన తిన్నె చివర మాకు వీపు పెట్టి కూర్చోనుండాడు. ఆయనకి తెలుగు వినబడతాది కదా. లేచి లోపలికి పోయినాడు. మలారం తెచ్చి నా భుజాన వేసినాడు, వంగని వేళ్ళతో దాన్ని సర్దినాడు.

మా అన్నకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమెకి మాట ఇచ్చినాము. ఆమె మా వీధిన పోయినప్పుడల్లా ఒంటికన్ను అటు తిప్పి "కర్రోడి పెండ్లాం" అని ఉమ్మేవాడు. ఆమె తల వంచుకొని పోయేది. నేను నీళ్ళు తెచ్చి తిన్నె కడిగేదాన్ని. కర్రాయన పోయినాడు, నాయన పోయినాడు, ఆమె పోయింది, పోయిన ఏడు అన్న కూడా పోయినాడు. చచ్చేదాకా తనని బతికించిన చేతినే తిట్టినాడు మా అన్న. నేను పక్కన కూర్చొని విన్నాను.